బాబ్చా కంచు కూరగాయలు

పోయిన శనివారం పాత మార్కెట్ స్క్వేర్ దగ్గర కోవెంట్రీ బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఒక అమ్మాయి క్యాబేజీతో సెల్ఫీ తీసుకుంటూ కనిపించింది. క్యాబేజీ అంటే కొనుక్కున్నది కాదు, కంచుది. నా మోకాలు దాటి కాస్త పైకి వస్తుంది. ఆకుల మధ్య నుంచి బుగ్గలు పొంగించి, చేతులు నడుముకి పెట్టుకుని, అద్దెకున్నవాళ్ల మీద అరిచే ఇంటావిడలా ఉంటుంది. దాని చుట్టూ ఇంకో ఐదు ఉన్నాయి: నెత్తిన టోపీతో ఉల్లిపాయ, చంకలో గొడుగుతో సన్నటి క్యారెట్, చేతులు కట్టుకుని అలిగిన ముల్లంగి, నోరు తెరుచుకున్న బీట్‌రూట్, సగం విచ్చుకుని లోపలి నుంచి మూడు మొహాలు తొంగిచూస్తున్న బఠాణీకాయ. ఆ అమ్మాయి మాస్టర్స్ చదవడానికి ఈమధ్యే వచ్చినట్టుంది, కోటుకి ఇంకా కొత్త వాసన పోలేదు. నా మొహం చూసి తెలుగేనని పసిగట్టి, "ఆంటీ, ఇవేంటి ఇక్కడ? ఏదన్నా సూపర్‌మార్కెట్ యాడా?" అని అడిగింది. "యాడ్ కాదమ్మా, పద్యం," అన్నాను. "పద్యమా? ఇంగ్లీషుదా?" "పోలిష్‌ది." "మీకు పోలిష్ వచ్చా ఆంటీ?" "నాకు రాదు, మా అమ్మాయికి వచ్చు," అనేలోపు బస్సు వచ్చేసింది, ఆ పిల్ల ఎక్కి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. చెప్పాల్సింది గొంతు దాకా వచ్చేసింది, వినాల్సిన మనిషి చూస్తే బస్సులో ఉంది. అందుకని ఇప్పుడు మీరు దొరికారు.

వాటిని ఊళ్లో అందరూ 'వెజ్జీస్' అంటారు. మా ఇంట్లో మాత్రం బాబ్చా కూరగాయలు. బాబ్చా అంటే పోలిష్‌లో బామ్మ అని అర్థం. ఆవిడది మా పక్కిల్లు. రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ, మా తాలింపు చిటపటలు వాళ్లకీ, వాళ్ల రేడియో మాకూ వినిపించేవి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమ్మానాన్నలతో చిన్నపిల్లగా ఈ దేశం వచ్చి, రేకుల కప్పున్న శరణార్థుల శిబిరంలో పెరిగిన మనిషి. ఆవిడ భర్తని పిల్లలు తాతయ్య అనేవాళ్లు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆయన కార్ల ఫ్యాక్టరీలో మూసలు చేసేవాడు. ఇంజను భాగాలు పోతపోయాలంటే ముందు వాటి ఆకారం చెక్కతో చెక్కాలట, ఆ చెక్క చుట్టూ ఇసుక దట్టించి, చెక్క తీసేసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారట. లోహం చల్లారితే కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి చెక్కది ఎప్పుడూ ఒక పిసరు పెద్దగానే చెయ్యాలట. ఆ అలవాటు ఆయనకి ఎంతగా ఒంటబట్టిందంటే, వంటింట్లోకి అల్మారా చేసినా ఒక పిసరు పెద్దగానే చేసేవాడు. అది తలుపులోంచి పట్టక రెండేళ్లు హాల్లోనే ఉండిపోయింది.

అప్పట్లో నేను జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి పేట డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. మా ఆయనది కార్ల కంపెనీలో షిఫ్టుల ఉద్యోగం. మా ఇద్దరి డ్యూటీల రోటా ఏ వారమూ ఒకదానితో ఒకటి పొసిగేది కాదు. పిల్లకి నాలుగేళ్లు. ఒకరోజు సాయంత్రం నేను నర్సరీ నుంచి ఆలస్యంగా, పిల్లని ఎత్తుకుని, వానలో పరిగెత్తుకొస్తుంటే బాబ్చా గేటు దగ్గర ఎదురొచ్చి, "రేపటి నుంచి పిల్ల నా దగ్గర ఉంటుంది," అంది. అడగడం కాదు, చెప్పడం. ఆవిడ జీవితంలో ఎవరినైనా ఏదైనా అడగగా నేను వినలేదు. ఆ తర్వాత మా వీధిలో ఇంకో నాలుగు తెలుగు కుటుంబాలు చేరాయి, వాళ్ల పిల్లలూ ఆ వంటింట్లోకే చేరారు. సాయంత్రం ఆరింటికి వెళ్తే, పొడుగు బల్ల చుట్టూ ఎనిమిది మంది మన పిల్లలు నాలుకలు ఎర్రగా చేసుకుని కూర్చుని ఉండేవాళ్లు. బీట్‌రూట్ సూప్ పోసేది ఆవిడ. మేం శాకాహారులమని మొదటిరోజే చెప్పాను. నెల తర్వాత ఆ సూప్ ఎలా చేస్తారని అడిగితే, ముందు ఎముక ఉడకబెడతానంది. నా మొహం చూసి, "భయపడకు, మీ పిల్లలకి పోసేముందు ఎముక తీసేస్తాను," అని ఎంతో శ్రద్ధగా చెప్పింది. ఆ సంగతి మా అత్తగారికి నేను చివరిదాకా చెప్పలేదు. మీరూ చెప్పకండి.

సూప్‌తోపాటు పద్యం. పోలండ్‌లో పిల్లలందరికీ వచ్చిన పద్యమట అది, సంతలో బల్ల మీద కూరగాయలన్నీ చేరి నేను గొప్పంటే నేను గొప్పని దెబ్బలాడుకుంటాయి. బాబ్చాకి వాళ్లమ్మ ఆ శిబిరంలో నేర్పిందట, తినడానికి అందులోని కూరగాయలు సగం కూడా దొరకని రోజుల్లో. ఆవిడ మా పిల్లలకి తలా ఒక కూరగాయ వేషం ఇచ్చి ఆడించేది. మా అమ్మాయి ఉల్లిపాయ. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, ముక్కు పైకెత్తి, ఆ పద్యం మొత్తం ఒక్క గుక్కలో అప్పజెప్పేది. నేను ఆదివారాలు కుస్తీ పట్టి నేర్పిన నాలుగు పాదాల తెలుగు పద్యం మాత్రం రెండో పాదం దగ్గరే కూలబడేది. "తెలుగులో చెప్పవే," అంటే, "మమ్, ఇట్స్ టూ హార్డ్," అనేది. దాచుకోవడం ఎందుకు, నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి పక్కింటి గోడవైపు చూస్తూ, నా పిల్ల నోట్లో నా మాట లేకుండా చేసిందని తిట్టుకున్నాను కూడా. మర్నాడు పొద్దున ఏడింటికి డ్యూటీ ఉంటే మళ్లీ ఆ గుమ్మంలోనే పిల్లని దింపాను.

తాతయ్య రిటైరయ్యాక షెడ్డులో కూర్చుని ఆ పద్యంలో కూరగాయల్ని చెక్కడం మొదలుపెట్టాడు. ఆరు చెక్కాడు, అన్నీ మోకాలెత్తువి, అన్నీ ఒక పిసరు పెద్దవి. వాటిని కంచులో పోతపోసి, ఒకప్పుడు నిజంగా కూరగాయల సంత జరిగిన మార్కెట్ స్క్వేర్‌లో పెట్టించాలని ఆయన కోరిక. ఆరోది పూర్తయిన చలికాలమే ఆయన పోయాడు. పిల్లలు పెద్దవాళ్లై తలా ఒక ఊరు వెళ్లిపోయారు. చెక్క కూరగాయలు షెడ్డులో దుప్పటి కింద చాలా ఏళ్లు ఉండిపోయాయి. తర్వాత బాబ్చాకి కళ్లు మసకబారడం మొదలైంది. చూపు నడిమధ్యలో మరక పడి, అంచులు మాత్రమే మిగిలే జబ్బు. ఎవరినైనా చూడాలంటే మొహం పక్కకి తిప్పి ఓరగా చూసేది, కొత్తవాళ్లు తమ మీద కోపం వచ్చిందనుకునేవాళ్లు. కంటి డాక్టరు ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నాడు. ఆరోజు ఆవిడ ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. "ఆయన చేసినవి స్క్వేర్‌లో నిలబడగా నేను చూడాలి. తడిమి కాదు, చూడాలి. కౌన్సిల్‌కి ఉత్తరం రాయి," అంది. అది ఏడేళ్ల కిందటి మాట.

పోతపోయడానికి ఇబ్బంది లేదు. తాతయ్య దగ్గర పని నేర్చుకున్నవాళ్లిద్దరు ఒక చిన్న ఫౌండ్రీ నడుపుతున్నారు, ఆయన పేరు చెప్పగానే ఒప్పుకున్నారు. కావలసిందల్లా స్క్వేర్‌లో బొమ్మల కింద ఆరు రాతి దిమ్మలు పట్టేంత చోటు. అదొక్కటే దొరకలేదు. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. పాతికేళ్లు సర్జరీ కిటికీ వెనక కూర్చుని, ఈరోజు అపాయింట్‌మెంట్లు లేవని చెప్పడమే నా ఉద్యోగం. 'లేదు' అనడంలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు. మొదటి ఉత్తరానికి చోటు లేదన్నారు. నేను టేపు పట్టుకెళ్లి కొలిచి రాశాను. రెండోసారి, పిల్లలు ఎక్కి పడతారన్నారు. మోకాలెత్తు క్యాబేజీ మీది నుంచి పడితే ఏమవుతుందో సర్జరీ అనుభవంతో వివరంగా రాశాను. మా వార్డు కౌన్సిలర్ మెత్తబడ్డాడు గానీ, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ఆఫీసువాళ్లు కదల్లేదు. మూడో ఉత్తరంలో అసలు మాట బయటపడింది: ఈ పద్యానికీ ఈ ఊరికీ సంబంధం కనిపించడం లేదట. బుధవారం సాయంత్రం ఆరింటికి కమ్యూనిటీ హాల్లో కమిటీ కూర్చుంటుంది, ఊళ్లోవాళ్లు వచ్చి మాట్లాడొచ్చు, తగినంత మద్దతు కనిపించకపోతే ఫైలు మూసేస్తామన్నారు. ఆ ఉత్తరం చదివి వినిపిస్తే బాబ్చా, "ఎంతమంది కావాలి?" అంది. ఉత్తరంలో అంకె లేదన్నాను. "అయితే హాలు నిండాలి," అంది.

హాలు నిండటం అంటే మాటలా? చర్చికి వచ్చే పోలిష్ ముసలమ్మలు పదిమంది ఉన్నారు, వాళ్లు ఎలాగూ వస్తారు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ బొటనవేలు బొమ్మ పెడతారు. అంతకుముందు ఏడాది పార్కు శుభ్రం చేసే పనికి నలభై బొటనవేళ్లు వస్తే, ముగ్గురు మనుషులు వచ్చారు. రెండురోజులు తల పట్టుకుని కూర్చున్నాక దేవుడి గూట్లో కుంకుమ భరిణ కనిపించింది. బొట్టు పెట్టి పిలిస్తే ఏ ఆడది రాకుండా ఉంటుంది? ఒంట్లో బాగోకపోయినా, అత్తగారు ఊరినుంచి దిగినా, గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలిచాక వెళ్లకపోవడమంటే పిలిచిన మనిషిని అవమానించడమే. ఆ మర్యాద మన ఆడవాళ్ల దగ్గర ఇంకా చెక్కుచెదరలేదు. ఆదివారం, సోమవారం రెండు సాయంత్రాలూ భరిణ పట్టుకుని బయల్దేరాను. బాబ్చా కర్ర పట్టుకుని నా వెంటే వచ్చింది, ముందు తనకి పెట్టించుకుంది. తర్వాత భరిణ నా చేతిలోంచి లాక్కుని, దారిలో కనిపించిన బేకరీ దొరకీ, లాలిపాప్ లాంటి గుండ్రటి స్టాప్ బోర్డు పట్టుకుని బడిపిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడకీ తనే పెట్టేసింది. చూపు సరిగ్గా ఆనక బేకరీ ఆయనకి ముక్కు మీద పడింది.

పొరపాటు నావైపే ఉంది. ముప్ఫై ఇళ్లు తిరగాలన్న తొందరలో, తలుపు తియ్యగానే బొట్టు పెట్టి, "బుధవారం సాయంత్రం ఆరింటికి, కమ్యూనిటీ హాల్లో, అందరూ తప్పకుండా రావాలి," అని చెప్పి తర్వాతి గుమ్మానికి వెళ్లిపోయాను. ఎందుకో చెప్పలేదు. పిలుపు అందిందా లేదా అన్నదే నా ధ్యాస, దేనికని వాళ్లు అనుకుంటారన్నది తట్టనేలేదు. మాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల పెళ్లికాని ఆడపిల్ల ఉంది. వీధి మొత్తం ఐదేళ్లుగా ఆ కబురు కోసమే ఎదురు చూస్తోంది.

బుధవారం ఐదూ ముప్పావుకి నేను హాలు దగ్గరికి వెళ్లేసరికి కారు పార్కు నిండిపోయి ఉంది. నా కళ్లు చెమర్చాయి. లోపలికి వెళ్తే అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. ఒకావిడ చేతిలో రెండు డజన్ల అరటిపళ్లు, ఇంకొకావిడ చేతిలో జాకెట్టు గుడ్డ, పసుపు. మగవాళ్లు కూడా ఇస్త్రీ చొక్కాల్లో దిగారు. అంతకన్నా ఆశ్చర్యం, బాబ్చా బల్ల చుట్టూ పెరిగిన ఆ ఎనిమిది మందిలో ఆరుగురు, బర్మింగ్‌హామ్ నుంచి ఒకరు, లండన్ నుంచి ఇద్దరు, మిగతావాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఆఫీసులకి సగం పూట సెలవు పెట్టి మరీ వచ్చారు, చిన్ననాటి స్నేహితురాలి నిశ్చితార్థం అని. పక్కన పోలిష్ ముసలమ్మలు ఈ వైభవం చూసి, కౌన్సిల్ మీటింగుకి ఇలా వస్తారని తెలీక స్వెట్టర్లతో వచ్చేశామే అని మొహాలు చూసుకుంటున్నారు. ఇంతలో మా అమ్మాయి బ్రాక్‌నెల్‌లో ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. మనవాళ్లలో అసలు సంగతి తెలిసినది అదొక్కతే. తలుపులో అడుగు పెట్టగానే నలుగురు ఆంటీలు బుగ్గలు నొక్కి కంగ్రాట్స్ చెప్పారు. "మమ్," అంది నన్ను చూసి, చాలా మెల్లగా, "వాట్ హావ్ యూ డన్?"

మా వీధి చివరింటి వరంగల్ అక్క నన్ను పక్కకి లాగింది. "పిలగాడేడి? ఆడ ముంగట బల్లకాడ కూసున్న ముగ్గురు తెల్లోల్లు పిలగాని తరఫోల్లా?" అంది. వాళ్లు కమిటీవాళ్లు. ఇక దాచి లాభం లేదని, అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పేశాను: పెళ్లి లేదు, పెళ్లికొడుకు లేడు, కూరగాయల బొమ్మలకి చోటు కావాలి, బాబ్చాకి చూపు పోయేలోపు కావాలి. నాకు భూమి చీలి అందులోకి వెళ్లిపోతే బాగుండనిపించింది. అరటిపళ్ల ఆవిడ పళ్లవైపు చూసుకుంది. అప్పుడు వరంగల్ అక్క కుర్చీ లాక్కుని మొదటి వరసలో కూర్చుంది. "బొట్టు వెట్టి పిలిచినంక పెండ్లైతేంది, ముల్లంగైతేంది? అచ్చినం గద, కూసుంటం," అంది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కూర్చున్నారు. ఆ మాటకి నేను ఆవిడకి ఈ జన్మకి రుణపడి ఉంటాను.

కమిటీ పెద్దమనిషి మర్యాదస్తుడే. బొట్లవైపూ పట్టుచీరలవైపూ చూసి, కళ్లజోడు సవరించుకుని, అసలు ప్రశ్న అడిగాడు. మంచి బొమ్మలే, కానీ నాలుగు పోలిష్ కుటుంబాలకి తప్ప ఈ ఊళ్లో ఈ పద్యం ఎవరికి తెలుసు? బాబ్చా లేచింది. నేను పెద్ద పెద్ద అక్షరాలతో రాసిచ్చిన ఉపన్యాసం కాగితం బల్ల మీద పెట్టేసి, పద్యం మొదలుపెట్టింది. మూడు పంక్తులు గట్టిగా చెప్పింది. నాలుగోదాని దగ్గర గొంతు ఆగిపోయింది. మళ్లీ మొదటికి వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. చిన్నప్పటి నుంచి చెబుతున్న పద్యం ఆవిడ నోట్లో దొరకడం లేదు. మొహం అటూ ఇటూ తిప్పి, చూపు అంచుల్లో ఎవరికోసమో వెతికింది.

వెనక వరస నుంచి నాలుగో పంక్తి వినిపించింది. మా అమ్మాయి నిలబడి ఉంది, ముక్కు పైకెత్తి. ఐదో పంక్తికి బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన వరంగల్ అక్క కొడుకు లేచాడు, టై సర్దుకుంటూ. అతను క్యాబేజీ. తర్వాత క్యారెట్ లేచింది, ముల్లంగి లేచాడు. ఎవరి పంక్తి వాళ్లది, ఎవరి పోట్లాట వాళ్లది, ఇరవై ఏళ్ల తర్వాత ఒక్క అక్షరం తడబడలేదు. పోలిష్ ముసలమ్మలు ఏడుస్తున్నారు. మన ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని తమ పిల్లల్ని తామే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. కమిటీ పెద్దమనిషి వంగి, వీళ్లు పోలిష్ పిల్లలా అని అడిగాడు. ప్రశ్న అర్థమై వరంగల్ అక్క, "అవర్ చిల్డ్రన్! దిస్ టౌన్ చిల్డ్రన్!" అంది, ఆవిడ ఇంగ్లీషులో బహిరంగంగా మాట్లాడటం అదే మొదటిసారి. గోడ అవతల మనిషి మీద ఇన్నేళ్లుగా నా కడుపులో దాచుకున్న మంట ఆరోజు చల్లారింది. చల్లారిన చోట సిగ్గేసింది కూడా. నా పిల్ల నోట్లో నా మాట తీసేసిందనుకున్నాను, తన దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని తీసుకొచ్చి దాని నోట్లో పెట్టిందని అప్పుడు కదా తెలిసింది. అరటిపళ్లు ఆ సాయంత్రం కమిటీతో సహా అందరికీ పంచాం. జాకెట్టు గుడ్డ బాబ్చాకి పెట్టాం.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. అనుమతి ఇచ్చారు, తాత్కాలికంగా, ఒక్క ఏడాదికి మాత్రం. తర్వాత పరిశీలిస్తారట. ఫౌండ్రీలో పోత పూర్తయి, బొమ్మలు స్క్వేర్‌కి వచ్చేసరికి వేసవి వెళ్లిపోయింది. బాబ్చా చూపు అప్పటికి ఇంకా సన్నగిల్లింది. మనుషులు నీడలుగా కనిపిస్తున్నారని చెప్పింది నాతో, ఇంకెవరికీ చెప్పొద్దంది. కౌన్సిల్ పనివాళ్లు ఆరింటినీ రాళ్లకి బిగించి, పనిముట్లు వ్యానులోకి సర్దుకుంటున్నారు. ఆవిడ నా చెయ్యి వదిలించుకుని, కర్రతో ఒక్కో దాని దగ్గరికీ వెళ్లి, మొహం పక్కకి తిప్పి చాలాసేపు ఓరగా చూసింది. నేను వెనకే నడిచాను. కనిపిస్తున్నాయా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. కనిపించడం లేదంటే నేనేం చెయ్యాలి? ఐదూ చూసి ముందుకి కదిలింది. ఆరోది బీట్‌రూట్. దాని ముందు ఆగి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తలతిప్పి చూసి, కర్రతో రాతిని ఠంగున కొట్టింది. "దీని మొహం బ్యాంకు వైపు పెట్టారెందుకు? ఇది బ్యాంకుతోనా దెబ్బలాడేది? ఉల్లిపాయతో! విప్పండి," అంది. పనివాళ్లు నావైపు చూశారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. ఆవిడకి కనిపించాయి, ఆరూ కనిపించాయి, బీట్‌రూట్ నోరు ఎటు తెరుచుకుని ఉందో కూడా కనిపించింది. వ్యాను సర్దుకున్నామని వాళ్లంటే, బాబ్చా దాని పక్కనే రాతి మీద కూర్చుంది. చివరికి పనిముట్లు కిందికి దించి, నట్లు విప్పి, తిప్పి, మళ్లీ బిగించారు.

ఆవిడ పోయి మూడేళ్లయింది. తర్వాత పరిశీలిస్తామన్న కౌన్సిల్ మళ్లీ పరిశీలించలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు. ఎవరూ అడగని ఫైలుకే ఆయుష్షు ఎక్కువన్నది పాతికేళ్ల సర్వీసులో నాకు తెలిసిన రహస్యం. బాబ్చా అమ్మానాన్నలు ఆ రేకుల శిబిరంలోకి ఒక్క చలికాలానికని వచ్చారట. మా ఆయనా నేనూ రెండేళ్లకని సూట్‌కేసులు సర్దుకున్నాం. కూరగాయలకి ఏడాది ఇచ్చారు. ఎంతకాలానికని వచ్చామో కాలానికి పట్టదు. ఉన్నన్నాళ్లూ ఎవరివైపు మొహం తిప్పి నిలబడ్డామో, అదొక్కటే దానికి గుర్తుంటుంది.